గమ్యస్థానం అన్న గడి

ఎల్.టి.సి. దరఖాస్తు ఫారములో "గమ్యస్థానం" అని ఒక గడి ఉంటుంది. ఉద్యోగంలో చేరిన నాటి నుండి ఆ గడిని మేము ఒక్క నిమిషంలో పూరిస్తూ వచ్చాము. స్వగ్రామం, శ్రీకాకుళం జిల్లా. అంతే. 2024 ఆగస్టులో మాత్రం ఆ గడి ముందు మా కలం మూడు వారాలపాటు ఆగిపోయింది. ఫారము మడతలు పడి, దానిపై పాలచుక్కలు పడి, చివరకు ఆఫీసు నుండి మరొకటి తెచ్చుకోవలసి వచ్చింది.

మా నివాసం దక్షిణ అండమాన్‌లో ఫెర్రార్‌గంజ్ తహసీలుకు చెందిన తుష్నాబాద్. వక్కచెట్ల నడుమ, కొబ్బరిచెట్ల నడుమ విడివిడిగా ఇళ్ళున్న పల్లె. ఉద్యోగం పోర్ట్ బ్లెయిర్‌లో. (2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం ఆ పట్టణానికి శ్రీ విజయపురం అని పేరు మార్చింది. అయినా బస్సులో టికెట్టు అడిగేటప్పుడు మా నోట పాతపేరే వస్తున్నది. పాఠకులు మన్నించాలి.) ఒకే పెరటిలో రెండు ఇళ్ళు. ఒకదానిలో మేము, మరొకదానిలో మా తమ్ముడు, మరదలు. రెండు ఇళ్ళకూ కలిపి పిల్లలు ఐదుగురు. 2025 జనవరి నాటికి వారి వయసులు ఇవి: మా పెద్దమ్మాయికి ఐదేళ్ళు నిండడానికి రెండు నెలలు తక్కువ, తమ్ముని కవల కుమారులకు మూడున్నర, మా అబ్బాయికి రెండేళ్ళ ఎనిమిది నెలలు, తమ్ముని చిన్నమ్మాయికి పధ్నాలుగు నెలలు. సంఖ్య చెప్పగానే సహోద్యోగులు నవ్వుతారు. మేమూ నవ్వుతాము, పగటిపూట.

కోరిక పుట్టినది ఫోనులోని ఒక వీడియో వల్ల. రామోజీ ఫిల్మ్ సిటీలోని రంగురంగుల తోటలు, పైకప్పు లేని ఎర్రబస్సులు చూసి మా పెద్దమ్మాయి, "అక్కడికి ఎప్పుడు వెళ్తున్నాం?" అని అడిగింది. వెళ్తామా అని కాదు, ఎప్పుడు అని. మా తమ్ముడు ఉత్సాహవంతుడు. "ఈ సెలవులోనే తల్లీ" అని మాట ఇచ్చివేశాడు. నాలుగేళ్ళ పిల్లకు ఇచ్చిన మాట ప్రామిసరీ నోటు వంటిది. రోజూ ఉదయాన్నే వసూలుకు వస్తుంది.

అదే వారంలో ఊరి నుండి అమ్మ ఫోను చేసింది. అమ్మకు డెబ్బై నాలుగేళ్ళు. పలాసకు సమీపంలోని పల్లెలో ఒక్కతే ఉంటున్నది. మా వైపు ఐదేళ్ళు నిండిన పిల్లలకు భోగిపళ్ళు పోయరు. ఐదుగురు మనుమలలో ఒక్కరికి కూడా తన చేతులతో పోసే యోగం ఆమెకు ఇంతవరకు కలుగలేదు. ఒక ఏడు కరోనా, ఒక ఏడు కవలల జ్వరం, ఒక ఏడు మా మరదలి పురుడు. ఫిల్మ్ సిటీ మాట విని అమ్మ కోపగించుకోలేదు. "ఏటి నాయనా, సినిమాల ఊరు ఎక్కడికీ పోదు. పెద్దదానికి భోగిపళ్ళ ఈడు దాటిపోతాది గదా" అన్నది. ఆ తరువాత వాన గురించి, వక్కల ధర గురించి మాట్లాడి పెట్టేసింది. గడి ముందు కలం ఆగినది అందువల్లనే.

మా సంకోచానికి మరొక కారణం కూడా ఉన్నది. 2023లో మా అత్తవారి వైపు పెళ్ళికి వెళ్ళినప్పుడు ఒక వినోద ఉద్యానవనంలో ఒక పూట గడిపాము. దాని పేరుతో ఇక్కడ పని లేదు, తప్పు మాదే. ఆదివారం, జనం విపరీతం. పెద్దవారము నలుగురమూ ఉన్నాము. పెద్దమ్మాయి మూడేళ్ళది అప్పుడు. పిల్ల తల్లి దగ్గర ఉన్నదని తండ్రి, బాబాయి దగ్గర ఉన్నదని తల్లి, పిన్ని దగ్గర ఉన్నదని బాబాయి అనుకున్నారు. ఇరవై నిమిషాలు పిల్ల కనబడలేదు. ఐస్‌క్రీము బండి వెనుక ఒక అపరిచిత వృద్ధుడు ఆమె చేయి పట్టుకుని నిలబడి ఉన్నాడు. "నీ తండ్రి పేరేమిటమ్మా?" అని ఆయన అడుగుతుంటే, పిల్ల "నాన్న" అని చెబుతున్నది. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. ఆమె తప్పు చెప్పలేదు కదా. ఆ రాత్రి మా ఇంట ఎవరమూ సరిగా నిద్రపోలేదు. అందుచేత ఈ పర్యాయం ఉత్సాహం తమ్మునికి, భయం మా మరదలికి, లెక్కలు మాకు అని పని పంచుకున్నాము.

ఇంత పసివారికి ఇటువంటి చోట్లు అవసరమా అని కొందరు మిత్రులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఈ ఉద్యానవనాల పుట్టుకలోనే పసిపిల్లలు ఉన్నారు. అమెరికాలో వాల్ట్ డిస్నీ తన ఇద్దరు కుమార్తెలను సెలవురోజున లాస్ ఏంజెల్స్‌లోని గ్రిఫిత్ పార్కుకు తీసుకువెళ్ళి, వారు రంగులరాట్నం ఎక్కి తిరుగుతుంటే తాను బెంచీ మీద కూర్చుని చూస్తూ ఉండేవాడట. తల్లిదండ్రులు, పిల్లలు కలిసి ఆనందించే చోటు ఒకటి ఉండాలన్న ఆలోచన ఆ బెంచీ మీదనే వచ్చినదని ఆయనే చెప్పుకున్నాడు. 1955 జూలై 17న అనహైమ్‌లో డిస్నీల్యాండ్ ప్రారంభమైంది. మన దేశంలో తొలి వినోద ఉద్యానవనంగా ఢిల్లీలో 1984లో అప్పూ ఘర్ వెలసింది. 1982 ఆసియా క్రీడల చిహ్నమైన ఏనుగు పిల్ల పేరే దానికి పెట్టారు. 2008లో అది మూతపడింది. 1989లో ముంబయి వద్ద ఎస్సెల్ వరల్డ్ వచ్చింది. 1996లో హైదరాబాదు వెలుపల విజయవాడ రహదారి పక్కన రామోజీ ఫిల్మ్ సిటీ ఏర్పడింది. సినిమా చిత్రీకరణ కోసం కట్టిన నగరమే క్రమంగా విహారస్థలం కూడా అయినది. ప్రపంచంలోకెల్లా పెద్ద చలనచిత్ర స్టూడియో సముదాయంగా గిన్నిస్ గ్రంథంలో చోటు పొందినది. ఇంత పెద్ద స్థలంలో రెండు అడుగుల పొడవున్న మనిషికి ఏమి కనిపిస్తుంది? మా సన్నాహమంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూ తిరిగినదని చెప్పవచ్చు.

మొదట క్యాలెండరు. సంక్రాంతికి ముందు హైదరాబాదు నుండి శ్రీకాకుళం వైపు, పండుగ తరువాత శ్రీకాకుళం నుండి హైదరాబాదు వైపు రైళ్ళలో నిలబడే చోటు కూడా ఉండదు. తమ్ముని ప్రణాళిక ప్రకారం ముందు హైదరాబాదు చూసుకుని, తరువాత ఊరు చేరాలి. అనగా ఐదుగురు పసివారితో ఆ రద్దీకి ఎదురుగా కాక, రద్దీతో పాటే కొట్టుకుపోవాలి. చాలా రాత్రుల చర్చ తరువాత మాకు తోచినది ఏమనగా, ఈ పిల్లలు ఇంకా బడికి కట్టుబడినవారు కారు. అంగన్‌వాడీ, ఎల్.కె.జి. హాజరు పట్టికల వల్ల వారి భవిష్యత్తుకు ముప్పు లేదు. మరి రెండేళ్ళు గడిస్తే సెలవులు ఇచ్చినప్పుడే కదలాలి, అందరితో పాటే కదలాలి. చిన్నపిల్లల తల్లిదండ్రులకు దక్కిన ఒకే ఒక్క సౌలభ్యం ఇది. దానిని మేము ఇంతకాలం వాడుకోలేదు. కాబట్టి ముందు ఊరు, భోగి, సంక్రాంతి, కనుమ. బడులు తెరిచి రద్దీ తగ్గిన తరువాత, వారం మధ్యలో ఒక పనిదినాన ఫిల్మ్ సిటీ. గమ్యస్థానం అన్న గడిలో ఎప్పటివలెనే స్వగ్రామం అని వ్రాశాము. హైదరాబాదు ఖర్చు మా జేబుది.

ఊరు చేరడమెట్లు? తుష్నాబాద్ వాసికి ఇది చిన్న ప్రశ్న కాదు. పోర్ట్ బ్లెయిర్ నుండి విశాఖపట్టణానికి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడ రెండున్నర రోజులు తీసుకుంటుంది. చెన్నైకి, కోల్‌కతాకు నెలలో మూడు నాలుగు ఓడలు ఉంటే, విశాఖకు నెలకు ఒకటి. దాని తేదీ మన పండుగను చూసి పెట్టరు. పైగా కదిలే వాహనాల వల్ల కలిగే వికారం రెండేళ్ళలోపు వారికి సాధారణంగా రాదు. రెండు నుండి పన్నెండేళ్ళ మధ్య వారినే బాగా బాధిస్తుంది. మా ఐదుగురిలో నలుగురు సరిగ్గా ఆ వయసువారే. విమానంలోనైతే రెండేళ్ళు నిండని బిడ్డ ఒళ్ళో కూర్చోవచ్చు. నిండినవారికి సీటు కొనవలసిందే. అనగా మాకు ఎనిమిది సీట్లు, ఒక ఒడి.

చెన్నై మీదుగానా, కోల్‌కతా మీదుగానా? ఇక్కడ మా తమ్ముడు ఒక తెలివైన మాట అన్నాడు. సంక్రాంతి రద్దీ హైదరాబాదు నుండి, చెన్నై నుండి ఉంటుంది గాని హౌరా నుండి ఎందుకుంటుంది? హౌరాలో ఉదయం ఎక్కితే పొద్దుగూకే వేళకు పలాసలో దిగవచ్చు. రాత్రి ప్రయాణం లేదు, బెర్తుల గొడవ లేదు. పైగా, ఈ ఐదుగురూ పుట్టి బుద్ధెరిగిన తరువాత రైలు చూసి ఎరుగరు. అండమాన్‌లో రైలుమార్గం లేదు. పుస్తకంలో "ర" అంటే రైలు అని చదవడమే. వారికి రైలే ఒక వినోద ఉద్యానవనం కదా. దానిని నిద్రలో గడపడం ఎందుకు? ఈ మాటతో మా మరదలు కూడా మొదటిసారి ఉత్సాహపడింది.

తరువాతి విషయం పాఠకులకు కొత్తగా ఉండవచ్చును. తుష్నాబాద్‌కూ హైదరాబాదుకూ గడియారం ఒక్కటే, సూర్యుడు వేరు. రెండు చోట్లకూ రేఖాంశంలో సుమారు 14 డిగ్రీల అంతరం ఉన్నది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున దాదాపు గంట. జనవరిలో మాకు ఆరు కాకముందే తెల్లవారుతుంది. సాయంత్రం ఐదుంబావుకల్లా చీకటి పడుతుంది. మా పిల్లలు అయిదింటికి లేచి, ఏడున్నరకు కళ్ళు మూస్తారు. హైదరాబాదు పిల్లల పగలు మా పిల్లల పగలుకన్నా గంట వెనుక. దీనివల్ల మాకు లాభమూ ఉన్నది, నష్టమూ ఉన్నది. ఉదయం గేటు తెరిచే వేళకు మేము ముందు వరుసలో ఉండగలము. సాయంకాలపు దీపాలు, నృత్యాలు మాత్రం మాకు వ్రాసిపెట్టిలేవు. నాలుగు గంటలకే మా జట్టు కూలిపోతుంది. అందువల్ల టికెట్టులో సాయంత్రపు కార్యక్రమం కలిసి ఉన్నదా లేదా అని ఆలోచించడం మానుకున్నాము. చెల్లించిన డబ్బుకు తగినంత చూడాలన్న పట్టుదలే పిల్లల ఏడుపులకు సగం కారణమని మా అనుమానం.

ఇక ఎత్తు. ఇటువంటి చోట్ల వయసుకన్నా ఎత్తుకే విలువ. హైదరాబాదు సమీపంలో 2016లో ప్రారంభమైన వండర్‌లా పేరు కూడా మా పరిశీలనకు వచ్చింది. అక్కడ 85 సెంటీమీటర్లలోపు పిల్లలకు ప్రవేశం ఉచితం. అయితే పేరుపొందిన పెద్ద రాట్నాలెక్కడానికి కనీసపు ఎత్తు నియమం ఉంటుంది. అది భద్రత కోసం పెట్టిన నియమం, బతిమాలుకునేది కాదు. మేము వంటింటి ద్వారబంధానికి పిల్లలను ఆనించి పెన్సిలుతో గీతలు గీశాము. పెద్దమ్మాయి 103 సెంటీమీటర్లు. కవలలు ఇంచుమించు సమానం, అయినా ఎవరు పొడవన్న విషయంలో వారికి ఆ పూట యుద్ధం జరిగింది. గీతలు చూసుకున్న తరువాత, ఎక్కి తిరిగేవి ముఖ్యమైన చోటుకన్నా చూసి తిరిగేవి ముఖ్యమైన చోటు ఈ వయసుకు మేలని నిశ్చయించాము. వండర్‌లాకు మరి ఆరేడేళ్ళ తరువాత వెళ్ళవచ్చు. ద్వారబంధం మీద గీతలు ఎలాగూ పెరుగుతాయి.

డిసెంబరులో ఒక ఆదివారం పోర్ట్ బ్లెయిర్ గాంధీ పార్కులో రిహార్సలు జరిపాము. సహోద్యోగులు దీనికి కూడా నవ్వారు. కానీ మాకు తెలిసివచ్చిన సంగతులు ఏ పుస్తకంలోనూ లేవు. మా అబ్బాయి ఎవరూ ఎత్తుకోకుండా నడిచే కాలం నలభై నిమిషాలు. కవలలలో ఒకడు దాహమైతే చెప్పడు, చిరాకుపడతాడు. ఇద్దరిలో ఎవరికి మూత్రశాల అవసరమైనా రెండోవాడికి సరిగ్గా పది నిమిషాల తరువాత అవసరమవుతుంది. చంటిది పన్నెండింటికి నిద్రపోకపోతే ఆ రోజు అందరికీ ముగిసినట్లే. ఇవన్నీ ఒక కాగితం మీద వ్రాసుకున్నాము. ఫిల్మ్ సిటీ పటం మీద ఏమున్నదో అటు తరువాత చూశాము.

జతలు కూడా ఆ రోజే ఏర్పడ్డాయి. ఒక పిల్లకు ఒక పెద్దవారు. బాధ్యత మారేటప్పుడు "అప్పగించాను" అని ఒకరు, "అందుకున్నాను" అని ఒకరు నోటితో చెప్పాలి. షిఫ్టు మారేటప్పుడు మన సంస్థలో చేసే పనే ఇది. ఇంట్లో చేయాలని మాకు ఇంతకాలం తోచలేదు. అయితే ఐదుగురు పిల్లలకు పెద్దవారు నలుగురే. ఆ లోటు కాగితం మీద అలాగే మిగిలిపోయింది.

ప్రతి పిల్ల చొక్కా లోపల గుడ్డముక్క మీద రెండు ఫోను నంబర్లు వ్రాసి కుట్టాము. పేరు వ్రాయలేదు, పేరుతో పిలిచినవారి వెంట పసివారు సులభంగా వెళ్ళిపోతారని మా మరదలి భయం. అందరికీ ఒకే రంగు, గాఢమైన నారింజ. తప్పిపోయిన పిల్లల విషయంలో దేశమంతటా పనిచేసే 1098 నంబరును మా నలుగురి ఫోన్లలోనూ నిక్షిప్తం చేశాము. పెద్దమ్మాయికి "నాన్న" అసలు పేరు నేర్పించాము. ఆమె దానిని ఒక రహస్యంగా భావించి ఎవరు అడిగినా చెప్పడం మానేసింది. అది వేరే కథ.

ఆహారం గురించి ఎక్కువ వ్రాయనక్కరలేదు. బయటి తినుబండారాలు లోపలికి రానివ్వరు, చంటిపిల్లల ఆహారం సంగతి ఏమిటని ముందే ఫోనులో కనుక్కోవడం మంచిది. మరమరాలు, అరటిపళ్ళు, సున్నుండలు ప్రయాణానికి. ఓ.ఆర్.ఎస్. పొట్లాలు అర డజను; పెద్ద పొట్లం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటికి, తక్కువా కాదు ఎక్కువా కాదు. సగం గ్లాసులో పొట్లమంతా కలిపి త్రాగించే అలవాటు మన ఇళ్ళలో ఇంకా కనబడుతున్నది, అది హాని. మా అండమాన్ పిల్లలకు చలి తెలియదు కనుక ఊరి తెల్లవారుజాముల కోసం స్వెట్టర్లు అల్లించాము. వాటిని వారు ముళ్ళ చొక్కాలని పిలిచారు.

జనవరి 9న కోల్‌కతా చేరి, 10వ తేదీ ఉదయం హౌరాలో రైలెక్కాము. ఆ రోజు గురించి ఒక వ్యాసమే వ్రాయవచ్చు. ఒడిశాలో బాలుగాఁవ్ దాటిన తరువాత పట్టాల పక్కనే చిలికా సరస్సు కనిపించింది. పుట్టినప్పటి నుండి సముద్రాన్ని చూస్తున్న పిల్లలు నీటిని పట్టించుకోలేదు. ఎదురుగా పోతున్న గూడ్సు పెట్టెలను లెక్కపెట్టారు. కవలలకు ఇరవై వరకే అంకెలు వచ్చు. ఇరవై తరువాత మళ్ళీ ఒకటి. ఏ గూడ్సునూ వదలలేదు. పలాసలో దిగేటప్పుడు మా అబ్బాయి రైలును వదలనని తలుపు కమ్మీ పట్టుకుని ఏడ్చాడు. ఫిల్మ్ సిటీ కోసం దాచిన ఉత్సాహమంతా ఇక్కడే ఖర్చయినదేమో అని మేము కొంత దిగులుపడ్డాము కూడా.

13వ తేదీ సాయంత్రం అమ్మ ఐదుగురినీ వరుసగా పీటల మీద కూర్చోబెట్టింది. రేగుపళ్ళు, చెరకుముక్కలు, బంతిపూల రేకులు, చిల్లర నాణేలు. చంటిది తల మీద పడ్డ రేగుపండును అక్కడికక్కడే నోట పెట్టుకున్నది. మరదలు గింజ తీయడానికి పరుగెత్తింది. పెద్దమ్మాయి మాత్రం కదలకుండా కళ్ళు మూసుకుని కూర్చున్నది. అమ్మ ఆమెకు మూడు దోసిళ్ళు పోయవలసి ఉండగా ఐదు పోసింది. లెక్క తప్పినదని ఇరుగింటివారు అంటే, "తప్పలేదులే" అన్నది. ఎందుకన్నదో మాకు తెలుసు. గడచిపోయిన ఏళ్ళను ఆమె మాకన్నా బాగా లెక్కపెట్టుకున్నది.

ఆ రాత్రే, హైదరాబాదుకు నీవు కూడా రావాలి అని అమ్మను అడిగాము. ఐదుగురు పిల్లలకు ఐదో పెద్దమనిషి అవసరమన్న లెక్క ఒకటి ఎలాగూ ఉన్నది. అది చెప్పకుండా అడిగాము. ఆమె మొదట మోకాళ్ళన్నది, కోళ్ళన్నది, చివరకు సంచి సర్దుకున్నది.

విశాఖలో రెండు రోజులు ఆగాము. కైలాసగిరి మీది చిట్టిరైలు, ఇందిరాగాంధీ జంతుప్రదర్శనశాల, బీచి. జలాంతర్గామి ఐ.ఎన్.ఎస్. కురుసుర మ్యూజియం ఇరుకు దారులలో చంటిపిల్లలతో నడక కష్టమని మేమిద్దరమూ ఒకరి తరువాత ఒకరం చూసివచ్చాము. ఇదీ ఒక పద్ధతే. పిల్లలకు పనికిరానిది పెద్దవారు వంతులవారీగా చూడడం. డిస్నీ పార్కులలో దీనికొక ఏర్పాటే ఉన్నది: తల్లి రాట్నమెక్కినప్పుడు తండ్రి పిల్లలతో బయట ఉండి, తరువాత మళ్ళీ వరుసలో నిలబడకుండానే తన వంతు తీసుకోవచ్చు. మన దగ్గర ఆ ఏర్పాటు లేకున్నా బెంచీలు ఉన్నాయి.

20వ తేదీ సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. ఐదేళ్ళలోపు పిల్లలకు బెర్తు అడగనంతవరకు రైలులో టికెట్టు అక్కరలేదు; బెర్తు కావాలంటే పూర్తి చార్జీ. పెద్దవారి ఐదు బెర్తులకు తోడు రెండు కొన్నాము. 2024 నవంబరు 1 నుండి ముందస్తు రిజర్వేషను గడువును రైల్వేవారు 120 రోజుల నుండి 60 రోజులకు తగ్గించడం మాకు కలిసివచ్చింది. సెప్టెంబరులో మేమింకా వాదించుకుంటూనే ఉన్నాము.

21న విశ్రాంతి. ఈ ఒక్క రోజును దేనికీ ఇవ్వకపోవడం మా ప్రణాళికలోకెల్లా మంచి భాగమని ఇప్పటికీ మా అభిప్రాయం. 22 బుధవారం, తొమ్మిదింటికి ముందే ఫిల్మ్ సిటీ గేటు వద్ద ఉన్నాము. కాగితం ప్రకారం మూడే పనులు: ఎర్రబస్సు, పిల్లల కోసం ఏర్పాటు చేసిన ఫండుస్తాన్, పక్షుల పార్కు. వైల్డ్ వెస్ట్ స్టంట్ ప్రదర్శనలో తుపాకుల చప్పుడు ఉంటుందని వదిలాము. బొరాసుర గుహ చీకటి కనుక వదిలాము. బాహుబలి సెట్టును తమ్ముడు ఒక్కడే వెళ్ళి చూసి వచ్చాడు. వచ్చేసరికి అతని ముఖం వెలిగిపోతున్నది. కోరిక ఎవరిదో అప్పుడు మాకు బోధపడింది.

బస్సు సినిమా కోసం కట్టిన రైల్వే స్టేషను సెట్టు పక్కగా పోయింది. కవలలు ఒక్కసారి లేచి నిలబడ్డారు. "రైలు! రైలు! ఎందుకు కదలడం లేదు?" అని ఒకడు. మేము సినిమా గురించి, సెట్టింగుల గురించి వివరించబోయాము. అమ్మ అడ్డం వచ్చి, "మనం ఎక్కలేదు గదరా, ఎలా కదుల్తాది?" అన్నది. వారికి ఆ జవాబు పూర్తిగా సరిపోయింది.

పన్నెండింటికి చంటిది నిద్రపోయింది, కాగితంలో ఉన్నట్లే. అమ్మ ఒక నీడపట్టున కూర్చుని ఒళ్ళో పడుకోబెట్టుకున్నది. గంటన్నర కదలలేదు. ఫిల్మ్ సిటీలో ఆమె చూసినది చాలా తక్కువ. ఎదురుగా ఫౌంటెను వద్ద పెద్దమ్మాయి నారింజ చొక్కాలో అటూ ఇటూ పరుగెత్తడం చూసింది. ఆమె జత ఆ గంటన్నరా మేమే. పిల్ల పేరు పిలిచిన ప్రతిసారీ మూడేళ్ళనాటి "నాన్న" గుర్తుకు వస్తూనే ఉన్నది. ఐస్‌క్రీము బండి వద్ద మా అబ్బాయి జేబులో నుండి భోగిపళ్ళలోని రూపాయి నాణెం తీసి అమ్మేవానికి ఇవ్వబోయాడు. ఆయన దానిని తీసుకుని, చూసి, "ఇది దాచుకో బాబూ" అని తిరిగి చేతిలో పెట్టాడు. మూడున్నరకు గేటు దాటాము. చూడనిది చాలా మిగిలింది. ఏడ్చినవారు ఒక్కరే, అదీ బూటు కరచినందుకు.

24న విమానం. ఇంటికి వచ్చిన తరువాత లెక్క చూసుకుంటే అనుకున్నదానికన్నా కొంత ఎక్కువే ఖర్చయింది; కోల్‌కతాలో హోటలు మా అంచనాలో లేదు. ఎల్.టి.సి. బిల్లుకు బోర్డింగ్ పాసులు జతచేయాలి గనుక వాటిని పిల్లలకు ఆడుకోవడానికి ఇవ్వవద్దని సహోద్యోగులకు మనవి. మావి రెండు పడవలైనాయి.

పెరటిలో ఇప్పుడు రోజూ రైలాట. వక్కమట్టల మీద వరుసగా కూర్చుంటారు. ఇంజను ఎప్పుడూ పెద్దమ్మాయే. ఫిల్మ్ సిటీ గురించి ఎవరైనా అడిగితే ఎర్రబస్సు అంటారు, తరువాత మామ్మ అంటారు. అమ్మ ఈసారి తానే తుష్నాబాద్ వస్తానన్నది, అదీ ఓడలో. విమానమంటే భయమట, ఆ ఒక్కటి తప్ప దేనికైనా సిద్ధమట. విశాఖ ఓడ తేదీ కోసం ఎదురుచూస్తున్నాము.